అసీర్ కొండలకు సెకండ్‌హ్యాండ్ సైకిల్

మౌంటెన్ బైకింగ్ అనే క్రీడ పుట్టిందే పాత సైకిళ్ల మీద. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం మారిన్ కౌంటీలో 1970లలో కొందరు యువకులు, 1930, 40లలో తయారై మూలన పడిన ష్విన్ కంపెనీ లావు టైర్ల సైకిళ్లను చవకగా కొని, వాటికి మోటార్‌సైకిల్ బ్రేకు లివర్లూ గేర్లూ తగిలించి, టమాల్‌పయస్ పర్వతం చుట్టుపక్కల మట్టిదారుల్లో కిందికి ఉరికించేవారు. 1976 అక్టోబరు 21న అక్కడ మొదలైన పోటీకి 'రీప్యాక్' అనే పేరు రావడానికి కూడా ఆ సైకిళ్ల పాతదనమే కారణం. పెడల్ వెనక్కి తొక్కితే పట్టే ఆనాటి హబ్ బ్రేకులో గ్రీజు ఒక్క దిగుడుకే కాలి పొగైపోయేది కాబట్టి, మళ్లీ పోటీకి దిగాలంటే హబ్ విప్పి కొత్త గ్రీజు కూరవలసి వచ్చేది. ఆ బృందంలోని జో బ్రీజ్ ఈ పనికే ప్రత్యేకంగా ఫ్రేము కట్టింది 1977లో. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో వ్యాపారం మొదలుపెట్టింది 1979లో. స్పెషలైజ్డ్ కంపెనీ 'స్టంప్‌జంపర్' పేరుతో ఫ్యాక్టరీలో పెద్దయెత్తున తయారుచేయించింది 1981లో. ఈ క్రీడ ఒలింపిక్స్‌కు ఎక్కింది 1996 అట్లాంటాలో. ఇంత చరిత్ర ఉన్నచోట ఎవరో వాడిన సైకిల్ కొనడానికి నామోషీ పడవలసిందేమీ లేదు.

అయితే మారిన్ యువకులకు ఉన్న ఒక సౌలభ్యం నేటి కొనుగోలుదారుకు లేదు. వారి కాలంలో ఒక సైకిల్ చక్రం మరో సైకిల్‌కు పట్టేది, ఒక ఫోర్కు మరో ఫ్రేములో దిగేది. గత ఇరవై ఏళ్లలో మాత్రం చక్రం కొలత, ఇరుసు వెడల్పు, గేర్ల సంఖ్య, హ్యాండిల్ గొట్టపు వ్యాసం ఒక్కొక్కటే మారుతూ వచ్చి, పదేళ్ల కిందటి ఖరీదైన సైకిల్‌కు కూడా నేటి విడిభాగాలు చాలా సరిపడని స్థితి ఏర్పడింది. విరామం తరువాత ఈ క్రీడకు తిరిగి వచ్చే వ్యక్తి సాధారణంగా తాను ఆపినచోటి నుంచి ఆలోచిస్తాడు. అప్పట్లో కొనలేకపోయిన మోడల్ ఇప్పుడు పావు ధరకు కనిపించగానే చేయి అటు పోవడం సహజమే గాని, ఆ చవక వెనుక ఉన్న లెక్క తెలియకపోతే అది ఎక్కుడులో, దిగుడులో, చివరకు మెకానిక్ బల్ల దగ్గర వసూలవుతుంది. సౌదీ అరేబియాలోని ఖమీస్ ముషైత్ వంటి కొండ ఊరిలో ఈ లెక్క మరింత కచ్చితంగా వేయవలసి ఉంటుంది.

ఊరు, ఎత్తు, గాలి

ఖమీస్ ముషైత్ దేశపు నైరుతి మూలన, అసీర్ ప్రాంతంలో ఉన్న పెద్ద నగరం. షహ్రాన్ తెగ నేలలో ప్రతి గురువారం జరిగిన సంత చుట్టూ ఎదిగి, ఆ వారం పేరుతోనే స్థిరపడిన ఈ ఊరికి నేడు రాజు ఖాలిద్ వైమానిక స్థావరం, పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలోని ప్రాంతీయ రాజధాని అభాతో దాదాపు కలిసిపోయిన నివాసాలు గుర్తింపు తెచ్చాయి. ఆసుపత్రుల్లో, నిర్మాణ సంస్థల్లో, కార్ఖానాల్లో, విద్యాసంస్థల్లో ఉద్యోగాలకు వచ్చిన తెలుగువారికి ఇక్కడ మొదట ఆశ్చర్యం కలిగించేది చల్లదనం; జూలైలో కూడా పగటి ఎండ 30 డిగ్రీల చుట్టుపక్కలే ఆగిపోతుంది. దానికి కారణం ఎత్తు. తెలుగు రాష్ట్రాల్లో అన్నిటికంటే ఎత్తైనదిగా చెప్పుకొనే అర్మకొండ సుమారు 1,680 మీటర్లు కాగా, ఖమీస్ ముషైత్ వీధులే సముద్రమట్టానికి దాదాపు 2,000 మీటర్ల మీద ఉన్నాయి. అంటే ఇక్కడి బజారులో కూరగాయలు బేరమాడుతున్న మనిషి అప్పటికే అర్మకొండ కొనకంటే సుమారు మూడు వందల మీటర్లు పైన నిలబడి ఉన్నాడన్నమాట.

ఊరికి పడమట సరవాత్ పర్వతశ్రేణి ఎర్రసముద్ర తీరంలోని తిహామా మైదానం వైపు గోడలా తెగిపడుతుంది. తూర్పు వైపు మాత్రం పీఠభూమి నెమ్మదిగా వాలుతూ పోతుంది. అభాకు దగ్గరలోని సౌదా పర్వతం మూడు వేల మీటర్ల ఎత్తుతో దేశంలోని అత్యున్నత ప్రాంతంగా పేరు పొందింది, అక్కడ 'సౌదా పీక్స్' పేరుతో భారీ పర్యాటక నిర్మాణాన్ని 2023లో ప్రకటించారు. 1980ల ఆరంభంలో ఏర్పడిన అసీర్ జాతీయ ఉద్యానంలో భాగమైన దల్గాన్ వంటి చోట్ల గుండ్రని గ్రానైటు బండలు, జునిపర్ చెట్లు, వాటి మధ్య గులకరాళ్ల కాలిబాటలు కనిపిస్తాయి. హైదరాబాదు దగ్గర అనంతగిరి కొండల ఎర్రమట్టి దారుల్లో సైకిల్ అలవాటైన వ్యక్తికి ఈ నేల పూర్తిగా వేరు. అక్కడ టైరు మట్టిని కరుచుకుంటుంది; ఇక్కడ గట్టి బండ మీద పరుచుకున్న పలుకురాయి టైరు కింద దొర్లుతుంది, తుమ్మ జాతి ముళ్లు ట్యూబును వెతుక్కుంటూ వస్తాయి.

రెండు వేల మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండే దానిలో సుమారు ఐదింట నాలుగు వంతులు మాత్రమే ఉండటం వల్ల, ప్రతి శ్వాసలో ఊపిరితిత్తులకు అందే ప్రాణవాయువు కూడా అంత మేరకు తగ్గుతుంది. ఊరిలో ఏళ్ల తరబడి ఉన్నవారి శరీరం దీనికి కొంత సర్దుకుంటుంది గాని పూర్తిగా కాదు. పైగా పదేళ్లు కుర్చీలో పనిచేసి నలభైలలో తిరిగి పెడల్ మీద కాలు పెట్టే వ్యక్తికి వయసు ఒకవైపు, ఎత్తు మరొకవైపు కలిసి వస్తాయి. సైకిల్ ఎంపికలో మొదటి ప్రశ్న ఇక్కడి నుంచే పుడుతుంది. అది గేర్ల ప్రశ్న.

ఎక్కుడు

పెడల్ దగ్గరి పళ్ల చక్రానికి ఎన్ని పళ్లున్నాయో ఆ సంఖ్యను, వెనుక చక్రం మీది పళ్ల చక్రానికి ఎన్ని పళ్లున్నాయో ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చేదే గేరు నిష్పత్తి. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో అది చెబుతుంది, అది ఎంత చిన్నదైతే ఎక్కుడు అంత తేలిక. ముందు మూడు పళ్ల చక్రాలు, వెనుక తొమ్మిది ఉన్న 2000ల నాటి సైకిళ్లలో అన్నిటికంటే తేలిక గేరు ముందు 22, వెనుక 34, అంటే నిష్పత్తి 0.65. 2012లో శ్రామ్ కంపెనీ ముందు ఒకే చక్రం, వెనుక 10 నుంచి 42 పళ్ల వరకు పదకొండు చక్రాలు ఉండే పద్ధతి తెచ్చింది. ముందు చక్రాల మధ్య చైనును మార్చే డిరైలర్, దాని కేబుల్, దాని లివర్ అన్నీ పోవడంతో మొరాయించే భాగాలు తగ్గి అందరూ దానివైపు మళ్లారు. 2016లో అదే కంపెనీ వెనుక 10 నుంచి 50 పళ్ల వరకు పన్నెండు చక్రాల పద్ధతినీ, 2018లో షిమానో తన 51 పళ్ల పద్ధతినీ విడుదల చేశాయి.

సెకండ్‌హ్యాండ్ బజారులో చిక్కు పదకొండు చక్రాల పద్ధతికీ పన్నెండు చక్రాల పద్ధతికీ మధ్య కాలంలో ఉంది. 2013 నుంచి 2017 వరకు తయారైన పదకొండు గేర్ల సైకిళ్లు చూడటానికి నేటివిగానే ఉంటాయి, ధర కూడా అందుబాటులో ఉంటుంది. కానీ వాటిలో ముందు 32, వెనుక 42 పళ్లతో తేలిక గేరు 0.76 దగ్గర ఆగిపోతుంది. మూడు చక్రాల పాత సైకిల్ కంటే అది బరువైన గేరు. దానికి తోడు పాత 26 అంగుళాల చక్రం బదులు 29 అంగుళాల చక్రం వచ్చినప్పుడు, చుట్టుకొలత పెరిగినందువల్ల అదే నిష్పత్తి దాదాపు మరో పదో వంతు బరువెక్కుతుంది. సముద్రమట్టం దగ్గర, పాతికేళ్ల వయసులో ఈ తేడా లెక్కలోకి రాకపోవచ్చు. ఖమీస్ నుంచి సౌదా వైపు ఎక్కే దారిలో మాత్రం సైకిల్ దిగి నడవడానికీ, కూర్చుని తొక్కడానికీ మధ్య తేడా అదే. అటువంటి సైకిల్ మిగతా అన్ని విధాలా నచ్చినట్లయితే ముందు చక్రాన్ని 28 పళ్లదిగా మార్చి నిష్పత్తిని 0.67కు దించవచ్చు, అయితే ఆ సైకిల్ పెడల్ కడ్డీకి (క్రాంకుకు) అంత చిన్న చక్రం పడుతుందో లేదో బేరానికి ముందే తేల్చుకోవాలి. ముందు 30, వెనుక 51 ఉన్న పన్నెండు గేర్ల సైకిల్‌లో తేలిక గేరు 0.59; తిరిగి వచ్చే వ్యక్తి ఖరీదైన ఫోర్కు కంటే ముందు ఈ అంకె కోసం వెతకడం మంచిది.

దిగుడు

ఎక్కినదంతా దిగవలసిందే గనుక రెండో ప్రశ్న బ్రేకులది, అసీర్‌లో ఇది మొదటిదానికంటే పెద్దది. సౌదా అంచు నుంచి రాతి మేడలకు పేరుపొందిన రిజాల్ అల్మా గ్రామం వైపు దిగే ఘాట్ రోడ్డు ఒకటిన్నర వేల మీటర్లకు పైగా కిందికి పోతుంది. అంత దూరం వద్దనుకుని వెయ్యి మీటర్ల దిగుడే తీసుకున్నా, మనిషి, సైకిల్ కలిపి 90 కిలోలుంటే ఆ ఎత్తు కోల్పోవడంలో విడుదలయ్యే శక్తి సుమారు 880 కిలోజౌళ్లు. రెండున్నర లీటర్ల చన్నీళ్లను మరిగే స్థితికి తేవడానికి అది సరిపోతుంది. అందులో కొంత గాలి రాపిడికి పోగా మిగిలినదంతా దాదాపు జానెడు వెడల్పున్న రెండు ఉక్కు పలకలే వేడిగా మింగవలసి వస్తుంది.

అందువల్ల రిమ్మును రబ్బరు ముక్కతో నొక్కే పాత బ్రేకులున్న సైకిల్ ఎంత చక్కగా ఉన్నా ఈ కొండలకు పనికిరాదు. తీగతో లాగే డిస్క్ బ్రేకు చదును దారులకు సరిపోతుంది గాని, పొడవైన దిగుళ్లలో వేళ్లను అలసిపోజేస్తుంది. ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ డిస్క్ బ్రేకే ఇక్కడ కావలసినది, ముందు పలక వ్యాసం కనీసం 180 మిల్లీమీటర్లు ఉండటం మేలు. ఈ బ్రేకుల్లో రెండు రకాల ద్రవాలు వాడుకలో ఉన్నాయి. షిమానో బ్రేకులు మినరల్ ఆయిల్‌తో నడుస్తాయి; శ్రామ్ బ్రేకుల్లో ఎక్కువ భాగం కార్లలో వాడే తరహా డాట్ 5.1 ద్రవంతో నడుస్తాయి. డాట్ ద్రవం కాలక్రమంలో గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తాజా ద్రవం 260 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం ఉండగా, తేమ చేరిన ద్రవానికి ఆ హద్దు 180 డిగ్రీలకే పడిపోతుంది; లోపల ఆవిరి బుడగ పుట్టిందంటే లివర్ హ్యాండిల్ దాకా వచ్చేసినా సైకిల్ ఆగదు. ఒకదానికి మరొక ద్రవం పోస్తే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి చెడిపోతాయి, కాబట్టి 'బ్రేకు ఆయిల్ మార్పించాం' అనే అమ్మకందారును ఏ ఆయిల్ పోశారని అడగడం అనుమానించడం కిందికి రాదు.

పరీక్ష సులభమైనది. లివర్‌ను గట్టిగా నొక్కి అర నిమిషం పట్టి ఉంచితే అది మెల్లగా లోపలికి జారకూడదు. జారితే ఎక్కడో కారుతున్నదనో, గాలి చేరిందనో అర్థం. షిమానో డిస్క్ పలక కొత్తప్పుడు 1.8 మిల్లీమీటర్ల మందం ఉండి, 1.5కు అరిగేసరికి మార్చవలసినది అవుతుంది. ప్యాడ్ మీది రాపిడి పదార్థం అర మిల్లీమీటరుకు వస్తే దాని పని అయిపోయినట్లే. బంగారం కొట్లో చూసినంత శ్రద్ధగా చూడవలసిన భాగం సైకిల్ మొత్తంలో ఇదొక్కటే.

మారిన కొలతలు

గేర్లు, బ్రేకులు పరిశీలించగా తెలుస్తాయి. తొక్కితే తప్ప తెలియని మార్పు ఫ్రేము ఆకృతిలో వచ్చింది. ముందు ఫోర్కు నేలతో చేసే కోణాన్ని హెడ్ యాంగిల్ అంటారు. 2000ల నాటి క్రాస్‌కంట్రీ సైకిళ్లలో అది 70, 71 డిగ్రీలు ఉండి ముందు చక్రం దాదాపు కాళ్ల కిందే ఉన్నట్లుండేది. హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే స్టెమ్ తొమ్మిది, పది సెంటీమీటర్లు ముందుకు సాగి ఉండేది, హ్యాండిల్ వెడల్పు 60 సెంటీమీటర్లకు అటూఇటూ. నిటారు దిగుడులో మనిషి బరువంతా ముందు చక్రం మీదికి వచ్చి, చిన్న రాయి తగిలినా తలకిందులయ్యే ప్రమాదం ఆ ఆకృతిలోనే ఉంది. నేటి ట్రెయిల్ సైకిళ్లలో కోణం 65 నుంచి 67 డిగ్రీలకు వాలింది, స్టెమ్ నాలుగైదు సెంటీమీటర్లకు కుదించుకుపోయింది, హ్యాండిల్ 76 నుంచి 80 సెంటీమీటర్లకు విస్తరించింది, ఫ్రేము నిడివి పెరిగింది. ఒక మీట నొక్కితే సీటు కిందికి దిగే డ్రాపర్ పోస్టు కూడా తోడవడంతో, దిగుడులో శరీరాన్ని వెనక్కి, కిందికి తెచ్చుకోవడం మామూలు విషయమైపోయింది.

ధైర్యం తగ్గిన వయసులో తిరిగి వచ్చేవారికి ఈ కొత్త ఆకృతి చేసే మేలు ఖరీదైన షాకులు కూడా చేయలేవు. అందుకే 2010 నాటి మేలైన కార్బన్ సైకిల్ కంటే 2018 నాటి మధ్యరకం అల్యూమినియం సైకిల్ ఎక్కువ సురక్షితమనడంలో సందేహం లేదు. కొలత ఎంచుకునే పద్ధతి కూడా దీనితోనే మారింది. ఒకప్పుడు సీటు గొట్టం పొడవును బట్టి 17 అంగుళాలు, 19 అంగుళాలు అని లెక్కించేవారు. ఇప్పుడు పెడల్ ఇరుసు మధ్య నుంచి నిలువుగా గీసిన గీతకూ, హ్యాండిల్ గొట్టపు పై అంచు మధ్యకూ ఉన్న అడ్డదూరాన్ని 'రీచ్' పేరుతో చూస్తారు. పాత సైజు అంకె గుర్తుపెట్టుకుని ఫోనులో బేరం ముగించేయడం తిరిగి వచ్చేవారు తరచుగా చేసే పొరపాటు.

దొరకని భాగాల లెక్క

చక్రాల కొలతల్లో 26 అంగుళాలది ఈ క్రీడ పుట్టినప్పటి నుంచి నడిచినది. 2000ల ఆరంభంలో 29, తరువాత 27.5 వచ్చి చేరాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో చెక్ దేశస్థుడు యారొస్లవ్ కుల్హవీ 29 అంగుళాల చక్రంతో స్వర్ణాన్నీ, స్విట్జర్లాండ్ ఆటగాడు నీనో షుర్టర్ 27.5 అంగుళాల చక్రంతో రజతాన్నీ గెలిచాక 26 అంగుళాల శకం వేగంగా ముగిసింది. పిల్లల సైకిళ్లకూ, చవక సైకిళ్లకూ 26 అంగుళాల టైరు ఇప్పటికీ ఎక్కడైనా దొరుకుతుంది. బండల మీద పట్టు నిలిపే మేలురకం టైరు, మంచి ఫోర్కు మాత్రం ఆ కొలతలో అరుదైపోయాయి. ఇరుసుల కథ కూడా అంతే. మీట తిప్పి ఊడదీసే సన్నని ఇరుసు పోయి, ఫ్రేములోంచి దూసుకుపోయే లావు ఇరుసు వచ్చింది, అందులోనూ 2014 తరువాత 'బూస్ట్' పేరుతో ముందు 110, వెనుక 148 మిల్లీమీటర్ల వెడల్పు స్థిరపడింది. హ్యాండిల్ గొట్టం కింది భాగం లావుగా, పై భాగం సన్నగా ఉండే 'టేపర్డ్' పద్ధతి నేటి ఫోర్కులన్నిటికీ ఆధారం. వెనుక షాకు కొలతలు కూడా 2016 నుంచి అంగుళాల నుంచి మిల్లీమీటర్లకు మారాయి.

ఇదంతా సాంకేతిక పాండిత్యంగా తోచవచ్చు. ఖమీస్‌లో ఉండే వ్యక్తికి ఇది దూరాభారపు లెక్క. పంచరు వేయడం, కేబుల్ మార్చడం వంటివి ఊరిలో జరిగిపోతాయి. ఫోర్కు విప్పి సీళ్లు మార్చే పనికీ, ప్రత్యేక కొలతల విడిభాగాలకూ ఆరు వందల కిలోమీటర్లకు పైబడిన జెడ్డా వైపో, తొమ్మిది వందల కిలోమీటర్ల దూరాన ఉన్న రియాద్ వైపో చూడవలసి రావచ్చు. ఇండియాకు సెలవు మీద వెళ్లి వచ్చే మిత్రుల సామానులో చైను, ప్యాడ్లు తెప్పించుకోవడం గల్ఫ్ తెలుగువారికి అలవాటైన దారే గాని, వాడుకలో లేని కొలత వస్తువు హైదరాబాదులో మాత్రం ఎక్కడ దొరుకుతుంది? వెనుక షాకు, దాన్ని పట్టి ఉంచే నాలుగైదు కీళ్లు, ఒక్కో కీలుకు రెండేసి బేరింగులు ఉండే ఫుల్ సస్పెన్షన్ సైకిల్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొనాలనుకునేవారు ఈ దూరాన్ని ముందు గుర్తుంచుకోవాలి. ముందు మాత్రమే షాకు ఉండే 'హార్డ్‌టెయిల్' సైకిల్‌లో చెడిపోవడానికి ఉన్నవే తక్కువ భాగాలు.

సైకిల్ ఎక్కడి నుంచి వచ్చిందో అడగడం కూడా ఉపయోగకరమే. జెడ్డా తీరంలో ఉప్పు తేమకు స్పోకుల నిప్పిళ్లు, బోల్టులు తుప్పుపట్టి ఉండవచ్చు. రియాద్‌లో పిండిలాంటి దుమ్ము ఫోర్కు సీళ్లలోకీ బేరింగుల్లోకీ చేరుతుంది, బాల్కనీలో ఎండకు వదిలేసిన సైకిల్ టైర్ల గోడలు పగుళ్లిస్తాయి. తీరం నుంచి తెచ్చినప్పుడు టైరు గాలి కూడా మారుతుంది. జెడ్డాలో 22 పీఎస్ఐ కొట్టిన టైరును రెండు వేల మీటర్ల పైకి తెస్తే బయటి గాలి ఒత్తిడి తగ్గినందువల్ల కొలమానం దాదాపు మూడు పీఎస్ఐ ఎక్కువ చూపవలసి ఉంది. ఇక్కడి చల్లదనం అందులో సగం దాకా తిరిగి తగ్గిస్తుంది. ముళ్ల నేలలో ట్యూబు లేకుండా లోపల రబ్బరు పాల ద్రవం పోసి నడిపే ట్యూబ్‌లెస్ టైర్లే మేలు గాని, వాడకుండా ఉంచిన సైకిల్‌లో ఆ ద్రవం కొన్ని నెలల్లోనే ఎండి పొరకడుతుంది; అది కొత్తగా పోయించుకోవలసిందే.

బేరం దగ్గర

సౌదీలో వాడిన వస్తువుల క్రయవిక్రయాలకు 'హరాజ్' వెబ్‌సైటూ దాని యాపూ ప్రధాన వేదిక. ప్రకటనలు ఎక్కువగా అరబీలో ఉంటాయి కాబట్టి 'సైకల్ జబలీ' (కొండ సైకిల్) అనే మాటకు అరబీ లిపిలో వెతికితే ఇంగ్లిషులో కనిపించనివి బయటపడతాయి. విద్యా సంవత్సరం ముగిసే వేసవిలో ఫైనల్ ఎగ్జిట్ మీద స్వదేశాలకు వెళ్లిపోయే కుటుంబాలు ఇంటి సామానుతో పాటు సైకిళ్లూ అమ్ముకుంటాయి. విమానం తేదీ ఖరారైన అమ్మకందారు దగ్గర బేరం కుదురుతుంది, అయితే తరువాత ఏదైనా తేడా వస్తే అడగడానికి ఆ మనిషి ఊళ్లో ఉండడు. ఫ్రేము మీద జీవితకాల హామీ ఇచ్చే కంపెనీలు చాలావరకు దాన్ని మొదటి యజమానికే పరిమితం చేస్తాయి కనుక, వారంటీ మాట ధరలో కలపనక్కరలేదు. కొత్త సైకిల్ మీద, కొత్త విడిభాగాల మీద 2020 జూలై నుంచి 15 శాతం విలువ ఆధారిత పన్ను పడుతున్నది. వ్యక్తి నుంచి వ్యక్తికి జరిగే అమ్మకంలో అది ఉండదు.

పెడల్ ఇరుసు గొట్టం కింద చెక్కిన క్రమసంఖ్యను బిల్లుతో సరిచూడటం, బిల్లు లేకపోతే అమ్మేవారి పేరు, తేదీ, క్రమసంఖ్య, ధర రాసిన చీటీ మీద సంతకం తీసుకోవడం తప్పనిసరి. ఇఖామా (నివాస అనుమతి) మీద బతికే మనిషి చేతిలో దొంగ సొత్తు దొరకడం ఎంత చిక్కో వేరే చెప్పనవసరం లేదు.

ఫ్రేము పరిశీలన పగటి వెలుగులో, సైకిల్ కడిగి తుడిచాక జరగాలి. హ్యాండిల్ గొట్టం, కింది గొట్టం కలిసే చోటు, పెడల్ ఇరుసు చుట్టూ, సీటు గొట్టం పై అంచు, వెనుక ఇరుసు పట్టులు అనే నాలుగు తావుల్లో వెంట్రుకవాసి గీత కనిపించినా దాన్ని రంగు పగులుగా కొట్టిపారేయకూడదు; అల్యూమినియం మరమ్మతుకు లొంగే లోహం కాదు, అతుకు వేయించినా బలం తిరిగి రాదు. కార్బన్ ఫ్రేమును నాణెంతో తడుతూ పోతే శబ్దం ఒకచోట ఖంగుమనకుండా మొద్దుబారితే లోపలి పొరలు విడిపోయి ఉండవచ్చునని అనుమానించాలి. ఈ పరీక్ష నమ్మకం పూర్తిగా పెట్టుకోదగినది కాదు గనుక, కిందపడిన చరిత్ర తెలియని కార్బన్ ఫ్రేము, ముఖ్యంగా కార్బన్ హ్యాండిల్, వదిలేయడమే వివేకం. ఫోర్కు లోపలికి జారే మెరుపు గొట్టాల మీద గోటికి తగిలే గీత ఉంటే సీలు ఎన్నిసార్లు మార్చినా నూనె కారుతూనే ఉంటుంది. చాలా ఫోర్కులకు 50 గంటల తొక్కుడుకొకసారి కింది గొట్టాలు విప్పి నూనె మార్చాలని తయారీదారులు చెబుతారు. ఆ పని ఎప్పుడు జరిగిందన్న ప్రశ్నకు వచ్చే మౌనమే సాధారణంగా జవాబు.

చైను అరుగుదల కొలవడానికి మామూలు స్కేలు చాలు. కొత్త చైనులో ఒక పిన్ను మధ్య నుంచి పన్నెండు అంగుళాల దగ్గర సరిగ్గా మరో పిన్ను మధ్య వస్తుంది. పదకొండు, పన్నెండు గేర్ల చైనులో అది అంగుళంలో పదహారో వంతు దాటిందంటే చైను మార్చాలి, ఎనిమిదో వంతు దాటిందంటే వెనుక పళ్ల చక్రాల సెట్టు కూడా దానితోపాటే పోయినట్లు లెక్కవేయాలి. 'రెండు మూడుసార్లే తొక్కాం' అని రాసిన ప్రకటనల విషయంలో ఈ స్కేలు చెప్పే సాక్ష్యం తరచుగా వేరుగా ఉంటుంది. చక్రాన్ని పట్టి పక్కలకు ఊపితే లూజు తెలియకూడదు, ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకు వెనక్కి ఊపితే హ్యాండిల్ గొట్టంలో టక్కుమనకూడదు.

ఇలా తేలిన ప్రతి లోపానికీ ఖర్చు కట్టి, దాన్ని అడిగిన ధరకు కలిపి చూడాలి. మాటవరసకు 2,000 రియాళ్లు అడిగిన సైకిల్‌కు చైను, పళ్ల చక్రాలు, ప్యాడ్లు, టైర్లు, ఫోర్కు సర్వీసు కలిపి మరో 900 అయ్యేట్లయితే దాని అసలు ధర 2,900; అప్పుడు దాని పక్కనే 2,600కు పనులన్నీ అయి ఉన్న సైకిల్ చవక. మోటారున్న వాడిన ఈ-బైకులకు ఈ లెక్క కూడా పనికిరాదు, ఎందుకంటే బ్యాటరీలో మిగిలిన ఆయువు పైకి కనిపించదు, 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలో వెంట తీసుకువెళ్లనివ్వరు. స్వదేశానికి తిరిగి వెళ్లేనాడు అది ఇక్కడే వదిలిపోవలసిన ఆస్తి.

ఖమీస్ ముషైత్‌లో తిరిగి మొదలుపెట్టేవారికి సరిపోయేది 2017 తరువాత తయారైన అల్యూమినియం హార్డ్‌టెయిల్: చక్రం 27.5 లేదా 29 అంగుళాలు, బూస్ట్ ఇరుసులు, టేపర్డ్ గొట్టం, గాలితో పనిచేసే 120 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఫోర్కు, షిమానో డియోర్ స్థాయి లేదా దానికి సమానమైన గేర్లు, హైడ్రాలిక్ బ్రేకులు, వీలైతే డ్రాపర్ పోస్టు. ఇందులో ఏ ఒక్కటి తగ్గినా సర్దుకోవచ్చు, బ్రేకులూ తేలిక గేరూ తప్ప. డబ్బు చేతులు మారేముందు ఊరి బయట ఒక ఎక్కుడు కూర్చునే తొక్కి, ఒక దిగుడు బ్రేకులు పట్టి దిగి చూడాలి. అందుకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనవలసిన పని లేదు.

సైకిల్‌తోపాటు ఉచితంగా ఇస్తామనే హెల్మెట్ మాత్రం తీసుకోకూడదు. దాని లోపల ఉండేది గట్టిగా ఒత్తిన థర్మకోల్ వంటి పదార్థం. ఒక దెబ్బకు నలిగి తలను కాపాడటంతో దాని పని తీరిపోతుంది, ఆ నలుగుడు పై పెంకు కింద కంటికి కనిపించదు. హెల్మెట్ కొత్తదే కొనాలి.